జిల్లేడు చుట్టూ తిరిగే నారింజ సీతాకోక: పిట్టలు దీని జోలికి ఎందుకు రావు?

మల్లెపందిరి (నాగోల్):

మా అపార్ట్‌మెంట్ పక్కన రెండు ఖాళీ ప్లాట్లు ఉన్నాయి. వాటిలో జిల్లేడు బాగా పెరిగింది. దాని చుట్టూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నారింజ రంగు సీతాకోకలు తిరుగుతుంటాయి. ముందు రెక్కల చివర నలుపు, ఆ నలుపులో తెల్ల పట్టీ. మిగతా సీతాకోకలైతే మనం దగ్గరికి వెళ్ళేలోపే తుర్రుమంటాయి. ఇవి మాత్రం నడుమెత్తున, ఏ తొందరా లేకుండా ఎగురుతాయి. పైన కరెంటు తీగ మీద ఏట్రింతలు కూర్చుని ఉంటాయి. ఎగిరే పురుగు దేన్నీ వదలని పిట్టలు, వీటిని మాత్రం చూసి ఊరుకుంటాయి. ఎందుకని?

ఇంకో సంగతి. వచ్చే ఆదివారం జేసీబీ పెట్టి ప్లాట్లు రెండూ చదును చేయిస్తామని మా కమిటీ వాళ్ళంటున్నారు. పాములొస్తాయని వాళ్ళ టెన్షన్. మాట్లాడేముందు నాకు గట్టి సమాచారం కావాలి. నాలుగు ఫొటోలు పెట్టాను, చూసి చెప్పండి.

రాళ్ళగుట్ట (గచ్చిబౌలి):

ఇది ప్లెయిన్ టైగర్ అండీ. శాస్త్రీయ నామం డానాస్ క్రిసిప్పస్. 1758లో లిన్నేయస్ పేరు పెట్టిన జాతుల్లో ఇదొకటి. రెక్కలు విప్పితే ఆ చివర నుంచి ఈ చివరకు 7, 8 సెంటీమీటర్లు ఉంటుంది. ఆఫ్రికాలోనూ ఉంది, ఆసియాలోనూ ఉంది. మన ఊళ్ళో అయితే కేబీఆర్ పార్కు బాటల పక్కన, అమీన్‌పూర్ చెరువు గట్టు మీద, మూసీ ఒడ్డున, ఎక్కడ జిల్లేడు ఉంటే అక్కడ కనిపిస్తుంది.

మీ రెండో ఫొటోలోది మగది. వెనక రెక్క మధ్యలో నల్లచుక్కలు చూడండి. ఆడదానికి మూడుంటాయి, మగదానికి నాలుగు. ఆ నాలుగోది కాస్త పెద్దగా, ఉబ్బెత్తుగా ఉంటుంది. రెక్కలు మూసినప్పుడు కింది వైపు నుంచి దాని నడుమ తెల్లగా కనిపిస్తుంది. అది ఉత్త చుక్క కాదు, వాసన సంచి. మూడో ఫొటోలో ఒళ్ళు స్పష్టంగా పడింది: తల, ఛాతీ నల్లగా, వాటి మీద తెల్లటి చుక్కలు. నేను రెక్కల కన్నా ముందు ఆ తెల్లచుక్కల్నే చూస్తాను. ముసలిదై రెక్కల రంగు వెలిసిపోయినా అవి నిలబడతాయి.

నాలుగో ఫొటోలోది వేరే. నారింజ రంగే గానీ రెక్కల నరాలన్నీ నల్లగా, మందంగా ఉన్నాయి. అది స్ట్రైప్డ్ టైగర్. దీనికి దగ్గరి చుట్టం.

జంతుశాస్త్రం మాస్టారు (హబ్సిగూడ):

అమ్మా, మీ మొదటి ప్రశ్నకు జవాబు ఆ జిల్లేడులోనే ఉంది.

ఆడ సీతాకోక జిల్లేడు ఆకు అడుగున ఒక్కో గుడ్డు పెడుతుంది. తెల్లగా మెరుస్తూ, గుమ్మటం ఆకారంలో, నిలువు గీతలతో ఉంటుంది. మూడు నాలుగు రోజుల్లో పిల్ల పురుగు బయటికొచ్చి ముందు ఆ గుడ్డు పెంకునే తినేస్తుంది. తర్వాత ప్యూపా (సీతాకోకగా మారేముందు కదలకుండా ఉండే దశ) అయ్యేదాకా దానికి తిండి జిల్లేడు ఆకే. జిల్లేడు పాలలో కార్డినోలైడ్లు అనే రసాయనాలుంటాయి. గుండె జబ్బుకి వాడే డిజాక్సిన్ కూడా ఈ కోవలోదే. మందు మోతాదు దాటితే గుండె లయ తప్పుతుందని మనకు తెలుసు కదా, ఆకులు మేసే జంతువుల మీదా ఈ పాలు అలాగే పనిచేస్తాయి. అందుకే మేకలు కూడా జిల్లేడును పెద్దగా ముట్టవు.

ఈ గొంగళిపురుగు ఆ విషాన్ని బయటికి పంపేయకుండా ఒంట్లో దాచుకుంటుంది. ప్యూపాలో ఒళ్ళంతా మారిపోయినా విషం పోదు, సీతాకోక రెక్కల్లోకీ ఒంట్లోకీ చేరుతుంది. పిట్ట దాన్ని తింటే కాసేపటికి కక్కేస్తుంది. 1960లలో అమెరికాలో లింకన్ బ్రోవర్ అనే శాస్త్రవేత్త దీని బంధువైన మోనార్క్ సీతాకోకల్ని బ్లూ జే పిట్టలకు పెట్టి చూశారు. అంతకుముందు వాటిని ఎరగని పిట్టలు గబుక్కున తిన్నాయి, కాసేపటికి వాంతి చేసుకున్నాయి. ఆ తర్వాత మోనార్క్‌ని చూపిస్తే చాలు, మొహం తిప్పేసుకున్నాయి.

మీ తీగ మీది ఏట్రింతలు ఎప్పుడో ఒకసారి రుచి చూసి ఉంటాయి.

కాప్రా కుర్రాడు:

సార్, రెండు డౌట్లు. జిల్లేడు పాలు గుండెను ఆపేంత విషమైతే పురుగు గుండె ఎందుకు ఆగదు? రెండోది, పిట్ట చచ్చిపోయేంత విషముంటే సీతాకోకకి ఇంకా మంచిది కదా, కక్కించి వదిలేయడమెందుకు?

జంతుశాస్త్రం మాస్టారు (హబ్సిగూడ):

రెండూ మంచి ప్రశ్నలు నాయనా. రెండోది ముందు చెబుతాను, ఎందుకంటే ఈ సీతాకోక కథంతా దాని మీదే నడుస్తుంది.

పిట్ట చచ్చిపోతే నేర్చుకునేది ఎవరు? దాని చోటుకి ఇంకో పిట్ట వస్తుంది. దానికేమీ తెలియదు, అదీ ఒక సీతాకోకని తింటుంది. అదే కక్కి బతికిన పిట్ట అయితే ఆ నారింజ రంగును, ఆ నలుపు-తెలుపు చివరను గుర్తుపెట్టుకుని, ఆ చుట్టుపక్కలే ఏళ్ళ తరబడి ఉంటుంది. బతికున్నంత కాలం ఆ జాతి జోలికి రాదు. పైగా ఈ విషం చేదు. చాలాసార్లు మింగే దాకా కూడా పోదు, ముక్కుతో పట్టగానే చేదు తగిలి వదిలేస్తుంది. వదిలేస్తే బతకాలి కదా, దానికీ ఏర్పాటుంది. ప్లెయిన్ టైగర్ ఒళ్ళు సాగే గుణంతో గట్టిగా ఉంటుంది. మామూలు తెల్ల సీతాకోకని వేళ్ళతో కాస్త నొక్కితే చితికిపోతుంది, ఇది చితకదు. పట్టుకుంటే కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు పడుంటుంది, ఒంట్లోంచి కంపు కొట్టే ద్రవం వదులుతుంది. విసుగొచ్చి పిట్ట వదిలేస్తే కాసేపటికి లేచి ఎగిరిపోతుంది.

నెమ్మదిగా ఎగరడం కూడా ఈ రక్షణలో భాగమే. తినదగ్గ సీతాకోక వంకర టింకరగా, వేగంగా ఎగరాలి, దొరికితే పని అయిపోయినట్టే. విషమున్నదానికి ఆ పరుగు అక్కర్లేదు. పైగా తనెవరో పిట్టకి స్పష్టంగా కనిపించడమే దానికి లాభం. ఎగిరే తీరు కూడా రెక్కల రంగుతో కలిసి ఒకే మాట చెబుతుంది.

ఇక పురుగు ఎలా బతుకుతుందంటే: జంతువుల కణాల పొరలో సోడియంని బయటికి, పొటాషియంని లోపలికి పంపే ఒక ప్రొటీన్ పంపు ఉంటుంది. కార్డినోలైడ్ వెళ్ళి ఆ పంపును పట్టేస్తుంది, పంపు ఆగిపోతుంది. గుండె దెబ్బతినేది అందుకే. మోనార్క్‌లో ఆ ప్రొటీన్ తయారీలో కొన్ని చిన్న మార్పులు జరిగాయి, దానివల్ల విషానికి పట్టు దొరకదు. 2019లో శాస్త్రవేత్తలు అవే మూడు మార్పుల్ని పండ్ల ఈగ జన్యువులో చేసి చూశారు. మామూలుగా ఈ విషానికి చచ్చే ఈగలు దాన్ని తట్టుకుని బతికాయి. ఒక ప్రొటీన్‌లో మూడు చోట్ల మార్పు జరిగితే ఒక విషపు మొక్క తిండి అయిపోయింది! పాఠం చెప్పిన రోజుల్లో ఇది తెలిసి ఉంటే పిల్లలకు ఎంత ఇష్టంగా చెప్పేవాణ్ణో.

కాప్రా కుర్రాడు:

సూపర్ సార్. అయితే అన్ని ప్లెయిన్ టైగర్లలోనూ ఒకే మోతాదు విషం ఉంటుందా?

జంతుశాస్త్రం మాస్టారు (హబ్సిగూడ):

ఉండదు. పురుగుగా ఉన్నప్పుడు ఏ మొక్క తిన్నదో దాన్నిబట్టి ఉంటుంది. జిల్లేడు కుటుంబంలోనే కొన్ని మొక్కల్లో కార్డినోలైడ్లు తక్కువ. వాటి మీద పెరిగింది పెద్దగా చేదుండదు. కానీ రంగు ఒకటే కాబట్టి చేదుగా ఉన్నవాటి పేరు మీద అదీ బతికిపోతుంది. పిట్ట విడిగా పోల్చుకోలేదు కదా.

పిల్లల లంచ్‌బాక్స్ (మియాపూర్):

నమస్తే అండీ. మా కాలనీలో కూడా జిల్లేడు మీద చారల పురుగులున్నాయి. నలుపు, తెలుపు, పసుపు అడ్డచారలు, ఒంటి మీద నల్లటి కొమ్ములు. మా బాబు ఒకదాన్ని చేత్తో పట్టుకున్నాడు. దురద పెడుతుందా? కొమ్ములతో కుడుతుందా?

రాళ్ళగుట్ట (గచ్చిబౌలి):

కుట్టదు అక్కా. దురదా పెట్టదు. అది ప్లెయిన్ టైగర్ గొంగళిపురుగే. దానికి నూగు వెంట్రుకలుండవు, ఒళ్ళు నున్నగా ఉంటుంది. ఆ కొమ్ములు మెత్తటివి, కదులుతుంటాయి. మూడు జతలు: తల దగ్గర పొడుగు జత, నడుము దగ్గర ఒకటి, తోక వైపు ఒకటి. తేడా గుర్తుపెట్టుకోండి, గన్నేరు మీద కనిపించే కామన్ క్రో పురుగుకి నాలుగు జతలుంటాయి.

పురుగు సరే, కానీ దాన్ని పట్టుకునేటప్పుడు బాబు చేతికి జిల్లేడు పాలు అంటుతాయి. ముందు సబ్బుతో కడిగించండి. దీని గురించి డాక్టర్లెవరైనా ఉంటే చెప్పండి.

పురుగుని గమనించాలంటే తెల్లారాక ఎండ ముదిరేలోపు వెళ్ళండి. బాగుండేది ఒకటి చెబుతాను. జిల్లేడు ఆకు తెగితే పాలు ధారగా కారతాయి, గాలి తగిలితే జిగురులా గడ్డకడతాయి. చిన్న పురుగు నోరు అందులో పడితే అతుక్కుపోతుంది. అందుకని అది నేరుగా అంచు కొరకదు. ముందు ఆకు మీద గుండ్రంగా గాటు పెడుతుంది, లేదా నరాన్ని కొరికి ఆగుతుంది. ఆ చోట పాలు కారి ఖాళీ అయ్యాక, గాటుకి అవతలి వైపు తీరిగ్గా తింటుంది. జిల్లేడు ఆకుల్లో చిన్న గుండ్రటి చిల్లులు కనిపిస్తే అక్కడ పిల్ల పురుగు పనిచేసి వెళ్ళిందని అనుకోవచ్చు. పెద్ద పురుగులైతే మధ్య ఈనె దగ్గరే కొరుకుతాయి, ఆకు వాలిపోతుంది. వాలిన ఆకు కింద చూడండి, చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

మన వేడికి రెండు వారాల్లో పూర్తిగా ఎదుగుతుంది. ప్యూపా తలకిందులుగా వేలాడుతుంది. ఆకుల మధ్య అయితే ఎక్కువగా లేత ఆకుపచ్చ, ఎండు కొమ్మ మీదో గోడ మీదో అయితే గులాబీ రంగు. రెండింటికీ బంగారు చుక్కలుంటాయి, నడుము దగ్గర పూసల వరుసలా ఒక గీత ఉంటుంది. ఎంత చూసినా తనివి తీరదు.

డాక్టరమ్మ (సికింద్రాబాద్):

నేను కళ్ళ డాక్టర్‌ని. జిల్లేడు పాల గురించి అందరూ కాస్త శ్రద్ధగా చదవండి.

ఆ పాలు కంట్లో పడితే కార్నియా (నల్లగుడ్డు ముందుండే పారదర్శక భాగం) లోపలి పొర దెబ్బతిని, నీరు చేరి ఉబ్బుతుంది. చూపు మసకబారుతుంది. మోసం ఎక్కడంటే చాలామందికి పెద్దగా నొప్పి ఉండదు, ఆ పాలకు తిమ్మిరెక్కించే గుణముంది. నొప్పి లేదు కదా అని రేపు చూద్దామనుకుంటారు. అలా చేయకండి. వెంటనే ధారగా మంచినీళ్ళతో చాలాసేపు కడిగి, అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. తొందరగా వస్తే ఎక్కువమందికి నయమవుతుంది. వినాయక చవితి పత్రి కోసేటప్పుడు, పిల్లలు కాయలు చిదుపుతూ ఆడుకునేటప్పుడు ఇలాంటివి జరుగుతాయి. చేతికి గ్లవ్స్ వేసుకోండి, కోసినంతసేపు మొహం ముట్టుకోకండి.

ఇలా చెప్పానని చెట్టు కొట్టేయమని కాదు. మన ఇళ్ళలో గన్నేరు కూడా విషమే, అయినా పెంచుతున్నాం.

గంగవాయిలి (వికారాబాద్):

అందరికీ నమస్కారం. మా చేను అనంతగిరి దిక్కు ఉంది. నాదొక ప్రశ్న. గంగవాయిలి కూర మడిలో అచ్చం ఈ నారింజ సీతాకోకలాంటిదే గుడ్లు పెట్టడం చూశాను. జిల్లేడు మీద కదా పెట్టాల్సింది? ఫొటో పంపుతున్నాను. గంగవాయిలి మేము పప్పులో వేసుకుని తింటాం, అందులో విషమేమీ లేదు.

రాళ్ళగుట్ట (గచ్చిబౌలి):

అన్నా, మీ ఫొటో చూసి కుర్చీలోంచి లేచాను! అది ప్లెయిన్ టైగర్ కాదు. డనాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది, హైపోలిమ్నస్ మిసిప్పస్. దాని పురుగులకు గంగవాయిలి ఇష్టమైన తిండి. మీరన్నట్టు అందులో విషం లేదు, కాబట్టి ఈ సీతాకోకలోనూ లేదు. ప్లెయిన్ టైగర్ వేషం వేసుకుని బతుకుతోంది.

తేడా ఎలా పట్టాలంటే వెనక రెక్క చూడండి. ప్లెయిన్ టైగర్‌కి రెక్క నడిమధ్య మూడో నాలుగో చుక్కలు. దీనికి ఒక్కటే నల్లమచ్చ, అదీ వెనక రెక్క ముందంచు దగ్గర. ఇందాక నేను చెప్పిన తల, ఛాతీ మీది తెల్లచుక్కలు ప్లెయిన్ టైగర్‌లా కొట్టొచ్చినట్టు ఉండవు. వెనక రెక్క అంచు కాస్త అలలుగా ఉంటుంది.

మగదాన్ని చూస్తే ఇది అదే జాతి అని ఎవరూ నమ్మరు. నల్లటి రెక్కల మీద పెద్ద తెల్ల మచ్చలు, వాటి అంచుల్లో నీలి ఊదా మెరుపు. వేషం ఆడదానికే.

మల్లెపందిరి (నాగోల్):

ఆడదానికే ఎందుకు మాస్టారూ?

జంతుశాస్త్రం మాస్టారు (హబ్సిగూడ):

ఆడది గుడ్ల బరువుతో ఎగరాలి, సరైన మొక్క కోసం ఆకు ఆకు తడుముతూ నెమ్మదిగా తిరగాలి. అలాంటప్పుడు పిట్టకి సులువుగా దొరుకుతుంది. కాబట్టి ఈ వేషం వల్ల దానికే ఎక్కువ లాభమని ఒక వివరణ. మగవాటి విషయంలో ఆడవి తమ జాతి రంగులున్న మగవాటినే ఎంచుకోవడం, మగవి ఒకదాన్నొకటి రంగును బట్టే గుర్తించి తరుముకోవడం కారణాలుగా చెబుతారు. మన కరివేపాకు మీద గుడ్లు పెట్టే కామన్ మోర్మన్‌లో కూడా అంతే, ఆడవాటిలో కొన్నే విషమున్న రోజ్ సీతాకోకల్లా కనిపిస్తాయి.

ఇలాంటి వేషాన్ని మొదట సరిగ్గా వివరించింది హెన్రీ వాల్టర్ బేట్స్. అమెజాన్ అడవుల్లో 11 ఏళ్ళు తిరిగి సీతాకోకల్ని సేకరించి, 1862లో దీని మీద వ్యాసం రాశాడు. జీవ పరిణామం మీద డార్విన్ పుస్తకం వచ్చి అప్పటికి మూడేళ్ళే. విషం లేనిది విషమున్నదానిలా కనిపిస్తే పిట్టల నుంచి తప్పించుకుంటుందని, అలా తరతరాలుగా పోలిక మెరుగుపడుతుందని చెప్పాడు. ఆ తర్వాత ఫ్రిట్జ్ ముల్లర్ ఇంకో రకం చూపించాడు: రెండూ విషమున్నవే, రెండూ ఒకేలా ఉంటే పిట్టలకు పాఠం నేర్పే ఖర్చు రెండూ పంచుకుంటాయి. మల్లెపందిరి గారి నాలుగో ఫొటోలోని స్ట్రైప్డ్ టైగర్, ప్లెయిన్ టైగర్ అలాంటి జంటే.

ఇక్కడ ఒక షరతుంది, మీ కమిటీకి కూడా పనికొస్తుంది. వేషం వేసినవి తక్కువ, అసలువి ఎక్కువ ఉండాలి. వేషధారులే ఎక్కువైతే పిట్టలకు తియ్యటివే దొరికి, భయం పోతుంది. అంటే గంగవాయిలి అన్న మడిలోని ఎగ్‌ఫ్లై బతకాలంటే చుట్టుపక్కల జిల్లేడు ఉండాలి. అది జిల్లేడు ఆకు ఒక్కటి కూడా తినదు, అయినా సరే. ఎగ్‌ఫ్లైకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ కల్పించారు. దాన్ని నిజంగా కాపాడేది మాత్రం పొలం గట్టు మీది జిల్లేడే.

గంగవాయిలి (వికారాబాద్):

గట్టు మీద రెండు జిల్లేళ్ళున్నాయి సార్. ఇక వాటిని కొట్టనివ్వను.

పాత పటాలు (మెహదీపట్నం):

ఒక చిన్న సంగతి చెప్పి వెళతాను. ఈజిప్టులో నెబమున్ అనే అధికారి సమాధి గోడ చిత్రంలో ఈ ప్లెయిన్ టైగర్ ఉంది. క్రీస్తు పూర్వం 1350 ప్రాంతానిది, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. నీటి పక్షుల వేట మధ్యలో సీతాకోకలు ఎగురుతుంటాయి. రెక్క చివరి నలుపు, అందులో తెలుపు, అన్నీ ఉన్నాయి. గీసినవాడు బాగా దగ్గర నుంచి చూశాడు.

కాలనీ కమిటీ (నిజాంపేట):

నాది వేరే కాలనీ అయినా నేనూ కమిటీలో ఉన్నాను కాబట్టి అవతలి పక్షం చెబుతాను. ఖాళీ ప్లాటు వదిలేస్తే ముందు ఒకరు చెత్త వేస్తారు, తర్వాత అందరూ వేస్తారు. చెత్తకి ఎలుకలు, ఎలుకలకి పాములు. వానాకాలంలో వయ్యారిభామ మోకాలెత్తు పెరుగుతుంది, దాంతో పిల్లలకు తుమ్ములు, ఆయాసం. రాత్రి పిల్లాడు బంతి కోసం అందులోకి వెళితే నేను బాధ్యుణ్ణి. సీతాకోకలంటే నాకూ ఇష్టమే, కానీ ఇవన్నీ ఎవరు చూస్తారు?

మల్లెపందిరి (నాగోల్):

మీరు చెప్పినవన్నీ మా దగ్గరా ఉన్నాయండీ. చెత్త తీసేయాలి, వయ్యారిభామ పీకేయాలి, అందులో నాకు అభ్యంతరం లేదు. గోడ వారన ఉన్న జిల్లేళ్ళను మాత్రం వదలమంటున్నాను. పాములు జిల్లేడు కోసం రావు, మీరన్నట్టు ఎలుకల కోసం వస్తాయి. కింద శుభ్రంగా ఉంటే జిల్లేడు మొదలు దగ్గర దాక్కోవడానికి చోటే ఉండదు, కాండం కనిపిస్తూనే ఉంటుంది.

పూలసజ్జ (మల్కాజిగిరి):

రథసప్తమికి ఏడు జిల్లేడు ఆకులు తల మీద, భుజాల మీద పెట్టుకుని స్నానం చేస్తాం కదా. మా వీధిలో జిల్లేడు లేకుండా పోయాక మార్కెట్లో పూలమ్మే ఆమె దగ్గర కొంటున్నాం. వినాయక చవితి ఇరవై ఒక్క పత్రిలో కూడా అర్కపత్రం ఉంటుంది. కమిటీలోని పెద్దవాళ్ళకి ఈ మాట చెప్పండి, సైన్స్ కన్నా ముందు ఇది వింటారు. అది కూడా అబద్ధం కాదు కదా, రెండూ నిజమే.

ఒక్క విన్నపం: ఆకు కోసేముందు తిప్పి అడుగు చూడండి. గుడ్డో పురుగో ఉంటే దాన్ని వదిలి పక్క ఆకు తీసుకోండి. అలాంటి ఆకు దేవుడికి పెట్టడం నాకు మనసొప్పదు.

రాళ్ళగుట్ట (గచ్చిబౌలి):

కమిటీ గారూ, జిల్లేడు గురించి ఇంకోటి కూడా ఆలోచించండి. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్ళో ఖాళీ జాగాల్లో గడ్డంతా మాడిపోతుంది. అప్పుడు పచ్చగా నిలబడేది జిల్లేడే. దాని వేరు లోతుకు పోతుంది, ఎవరూ నీళ్ళు పోయక్కర్లేదు. ప్లెయిన్ టైగర్ ఏడాది పొడుగునా కనిపించడానికి కారణం అదే. తుమ్మెదలకు కూడా ఆ పూలే ఆధారం, ఆ పూలకు పరాగ సంపర్కం ఎక్కువగా చేసేవీ ఆ పెద్ద నల్ల తుమ్మెదలే. ఆకుల మీద పసుపు పేనుబంక ఉంటుంది, దాన్ని తినడానికి అక్షింతల పురుగులొస్తాయి. నీలం పసుపు చారల జిల్లేడు మిడత ఉంటుంది, ముట్టుకుంటే ఒంట్లోంచి ద్రవం చిమ్ముతుంది. ఒక్క మొక్క దగ్గర కూర్చుంటే పొద్దుపోయేదాకా చూడొచ్చు.

మీకు కలుపు తీయించే ఖర్చు ఎలాగూ ఉంది. నాలుగు మొక్కలు వదిలేయడానికి అదనపు ఖర్చేమీ లేదు.

కాప్రా కుర్రాడు:

అన్నా, నేను ఈసీఐఎల్ దగ్గర జనుము వేసిన ఒక ప్లాటులో చూశాను. ఎండిపోయిన జనుము కాడల మీద ఈ సీతాకోకలు గుంపుగా వాలి, నాలుకతో గీకుతున్నాయి. పూలు లేవు, ఉత్త ఎండు కాడలు. అన్నీ నాలుగు చుక్కలవే. మగవాటికి అక్కడేం దొరుకుతుంది?

జంతుశాస్త్రం మాస్టారు (హబ్సిగూడ):

భలే గమనించావు. నువ్వు చూసింది చాలామంది దాటిపోయే విషయం.

జనుములో, నాగదంతిలో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే ఇంకో రకం విషాలున్నాయి. మగ సీతాకోకలు ఎండిన, దెబ్బతిన్న కాడలను గీకి ఆ రసాన్ని పీల్చుకుంటాయి. దాంతో రెండు పనులు. ఒకటి, ఒంట్లో మరో రక్షణ చేరుతుంది. రెండు, దాన్నుంచే ఆడదాన్ని ఆకర్షించే వాసన తయారవుతుంది. మగదాని పొట్ట చివర కుచ్చులాంటి వెంట్రుకలుంటాయి. వాటిని రాళ్ళగుట్ట చెప్పిన ఆ నాలుగో చుక్క సంచిలో అద్దుకుని, ఆడదాని ముందు విప్పుతుంది. ఈ రసం దొరకని మగది జత కట్టడంలో వెనకబడుతుంది.

అంటే ఈ సీతాకోక పిల్లప్పుడు ఒక మొక్క నుంచి, పెద్దయ్యాక వేరే మొక్క నుంచి విషం తెచ్చుకుంటుంది. ఇక తేనె కోసం గడ్డి చామంతి, లంటానా లాంటివి ఎలాగూ తిరుగుతుంది. ఒక్క జిల్లేడు వదిలితే సరిపోదని దీన్నిబట్టి తెలుస్తుంది. మనం పిచ్చిమొక్కలని పీకేసేవాటిలో సగం దీని ఇంటి సరుకులే.

పిల్లల లంచ్‌బాక్స్ (మియాపూర్):

ఇంత విషమున్నా దీనికి శత్రువులే లేరా?

రాళ్ళగుట్ట (గచ్చిబౌలి):

ఉన్నారు అక్కా. విషం ఎక్కువగా పనిచేసేది వెన్నెముక ఉన్నవాటి మీద, అంటే పిట్టలు, తొండలు లాంటివాటి మీద. రెక్క మీద ముక్కు ఆకారంలో చినిగిన గుర్తు చాలా ప్లెయిన్ టైగర్లకు ఉంటుంది. రెండు రెక్కల మీదా ఒకేచోట చినిగి ఉంటే, మూసుకుని వాలినప్పుడు పిట్ట పట్టి వదిలేసిందన్నమాట. కానీ గొల్లభామలు తింటాయి, సాలెపురుగులు పడతాయి, గుడ్లను చీమలు ఎత్తుకుపోతాయి. అన్నిటికన్నా ఎక్కువ నష్టం టాకినిడ్ ఈగలు, సన్నటి పరాన్నజీవి కందిరీగల వల్ల. వాటి పిల్లలు గొంగళిపురుగు లోపలే పెరిగి దాన్ని తినేస్తాయి. ప్యూపా బంగారు చుక్కలు మాసి, నల్లబడి, దాన్నుంచి సన్నటి దారం వేలాడితే లోపల ఉన్నది ఈగ పిల్లే. చూసి బాధపడకండి, అవీ బతకాలి. ఆడది విడివిడిగా, వేర్వేరు ఆకుల మీద గుడ్లు పెట్టేది ఇలాంటి నష్టం తట్టుకోవడానికే అనుకుంటాను.

కాలనీ కమిటీ (నిజాంపేట):

సరే, ఒప్పుకుంటున్నాను. మా దగ్గర కూడా ప్రహరీ వారన ఉన్నవి వదిలిస్తాను. కానీ ఒక బోర్డు పెట్టాలి. లేకపోతే వచ్చే నెల ఎవరో పనివాళ్ళు వచ్చి కొట్టేస్తారు. బోర్డు మీద పాలు కంట్లో పడకూడదని డాక్టరమ్మ చెప్పింది కూడా రాయిస్తాను.

మల్లెపందిరి (నాగోల్):

మా వాళ్ళతో నిన్న సాయంత్రం మాట్లాడాను. చెత్త, వయ్యారిభామ తీయిస్తారు. గోడ వారన ఉన్న జిల్లేళ్ళు ఉంచుతారు. నడుమ ఉన్నవి మాత్రం పోతాయి, ప్లాటు ఓనరు ఒప్పుకోలేదు. నడుమ వాటి మీద పురుగులున్నాయి. వాటినేం చేయాలి? డబ్బాలో పెట్టి ఇంట్లో పెంచితే బతుకుతాయా?

రాళ్ళగుట్ట (గచ్చిబౌలి):

డబ్బా వద్దండీ. గాలాడక, రెట్ట తడికి బూజు పట్టి చస్తాయి. జిల్లేడు ఆకు తెంపిన కాసేపటికే వాడిపోతుంది కూడా. శనివారం పొద్దున ఆకుతో సహా కోసి, ఆ ఆకును గోడ వారన ఉన్న జిల్లేడు కొమ్మల మధ్య ఇరికించండి. పురుగు తనే పాకి కొత్త ఆకు మీదికి పోతుంది. ఒక్కో మొక్కకి నాలుగైదు మించి పెట్టకండి, తిండి చాలదు. ప్యూపా ఉంటే అది వేలాడే పుల్లను కత్తిరించి, అదే దిక్కుగా వేలాడేలా నీడలో దారంతో కట్టండి. చేతికి గ్లవ్స్ మర్చిపోవద్దు.

జేసీబీ ఎన్నింటికి వస్తుందో చెప్పండి. అంతకు గంట ముందు నేనొస్తాను. ఉంచాల్సిన మొక్కలకు ఎర్ర గుడ్డ కట్టి, డ్రైవర్‌కి నేనే చూపిస్తాను. మాట మీద వదిలేస్తే బకెట్ తిప్పేటప్పుడు గోడ వారనవి కూడా పోతాయి.

మల్లెపందిరి (నాగోల్):

ఎనిమిదికి వస్తుందట. లొకేషన్ మెసేజ్‌లో పంపాను. కాప్రా తమ్ముడూ, వీలైతే నువ్వూ రా, పురుగులు మార్చడానికి శనివారం ఇంకో మనిషి కావాలి.

కాప్రా కుర్రాడు:

వస్తాను అక్కా. మెట్రోలో నాగోల్ స్టేషన్‌లో దిగుతాను. గ్లవ్స్ నా దగ్గరున్నాయి, రెండు జతలు తెస్తాను.